ఆటిజము – ఎంజైములు – మెదడు

ఆటిజము గల బిడ్డల తల్లిదండ్రులు వైద్యుని అడుగు ప్రశ్నలలో ఈ నడుమ తరచుగా వినవచ్చునది యొకటి కలదు. "మా బిడ్డ శరీరములో ఏదో ఎంజైము తక్కువైనదట, దానిని మందుగా ఇచ్చినచో మాటలు వచ్చునట, నిజమేనా?" అని. ఈ ప్రశ్న వెనుక ఎంత ఆశ, ఎంత ఆవేదన ఉన్నవో చెప్పనక్కరలేదు. ప్రశ్న అర్థరహితమైనదియు కాదు. ఒకే యొక ఎంజైము లోపించుటచే బిడ్డ మెదడు చెడిపోవుటయు, ఆ లోపమును సకాలములో కనిపెట్టినచో మెదడును కాపాడగలుగుటయు వైద్యశాస్త్రచరిత్రలో నిజముగా జరిగినవే. అయితే ఆ నిజము బహు కొద్దిమంది బిడ్డలకు మాత్రమే వర్తించును. అందరికిని వర్తించునని నమ్మబలికి పొడులను, మాత్రలను అమ్మువారు బయలుదేరుటచేత, ఇందులో ఏది ఎంతవరకు సత్యమో కొంచెము వివరముగా తెలిసికొనుట అవసరమైనది.

ఆటిజమనగా నేమి

ఆటిజము తట్టువలె ఒకరినుండి ఒకరికి అంటు జబ్బు కాదు. అది మెదడు పెరుగుదలలోనే, చాలవరకు పుట్టుకకు పూర్వమే, ఏర్పడు భేదము. ఏడాది నిండినను బిడ్డ తన పేరు పిలిచినపుడు తిరిగి చూడకుండుట, కన్నులలోనికి చూచి నవ్వకుండుట, కావలసిన వస్తువును వ్రేలితో చూపకుండుట, వచ్చిన నాలుగు మాటలును పోవుట, ఒకే ఆటను గంటలకొలది ఆడుట, చిన్న మార్పునకే తల్లడిల్లుట, మామూలు చప్పుళ్ళకు సైతము చెవులు మూసికొనుట మొదలగు లక్షణములు ఒక్కొక్క బిడ్డలో ఒక్కొక్క పాళ్ళలో కనిపించును. వీరిలో కొందరు చక్కగా చదివి ఉద్యోగములు చేయుదురు. కొందరికి జీవితమంతయు ఒకరి తోడు కావలసియుండును.

అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను మనోవైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి, 1943లో ఈ స్థితిని ప్రత్యేకముగా వర్ణించెను. అటుపిమ్మట చాలకాలము, తల్లికి ప్రేమ చాలకపోవుటచేతనే బిడ్డ ఇట్లగునని పేరుపొందిన పండితులు సైతము వ్రాసిరి. ఆ వ్రాతలు ఎందరు తల్లులను నిష్కారణముగా కుమిలిపోవునట్లు చేసెనో లెక్క లేదు. 1977లో ఇంగ్లండులో 21 జతల కవలలపై జరిగిన పరిశోధన ఆ వాదమును బలహీనపరచెను. ఒకే అండమునుండి పుట్టిన 11 జతలలో 4 జతలయందు ఇద్దరు కవలలకును ఆటిజముండెను. వేర్వేరు అండములనుండి పుట్టిన 10 జతలలో ఒక్క జతయందైనను ఇద్దరికిని లేదు. పెంపకము ఇరువర్గములకును ఒక్కటియే గనుక, కారణము జన్యువులలో వెదుకవలసినదని స్పష్టమైనది. జన్యువులు చేయు ముఖ్యమైన పనులలో ఎంజైములను తయారుచేయించుట యొకటి. ఆటిజమును గూర్చిన చర్చలోనికి ఎంజైములు వచ్చిన త్రోవ ఇదియే.

ఎంజైములు చేయు పని

అన్నపు మెతుకును కొంతసేపు నమిలినచో నోరు తియ్యబడుట అందరి యనుభవము. ఉమ్మిలోని యొక ఎంజైము పిండిపదార్థమును చక్కెరగా మార్చుటయే ఇందుకు కారణము. మొలకెత్తించి ఎండబెట్టిన రాగుల పిండితో కాచిన జావ మామూలు రాగిజావవలె గట్టిపడక పలుచగా నుండును. మొలకలో పుట్టిన ఎంజైము పిండిని విడగొట్టుటయే దానికిని కారణము. ఒక పదార్థము వేరొక పదార్థముగా మారు క్రియను త్వరగా జరిపించి, తాను మాత్రము ఖర్చుగాక మిగులు మాంసకృత్తును ఎంజైమందురు. మన శరీరములో ఇట్టివి వేలకొలది కలవు. ఒక్కొక్కటి ఒక్కొక్క పనికే నియమింపబడినది. ఒకదాని పనిని మరియొకటి చేయజాలదు.

వీనిలో రెండు తెగలను వేరుగా గుర్తించుట ముఖ్యము. నోటిలో, పొట్టలో, ప్రేగులలో ఆహారమును జీర్ణము చేయు ఎంజైములు ఒక తెగ. కాలేయము, మెదడు మొదలగు అవయవముల కణములలోపల పనిచేయు ఎంజైములు రెండవ తెగ. మాత్రగా మ్రింగిన ఎంజైము మొదటి తెగకు కొంత తోడు కావచ్చును. అది కూడ మాంసకృత్తే గనుక, కొంతసేపటికి పప్పులోని మాంసకృత్తువలెనే తానును జీర్ణమైపోవును. కాలేయకణములోనికిగాని, మెదడులోనికిగాని అది చేరుట జరుగదు. ఈ యొక్క విషయము తెలిసిన తల్లిదండ్రులు అంగడిలో చాలవరకు మోసపోకుందురు.

నార్వేదేశపు తల్లి

1930 దశకమున నార్వేదేశములో ఒక తల్లికి ఇద్దరు బిడ్డలుండిరి. పుట్టినపుడు ఇద్దరును ఆరోగ్యవంతులే. పెరిగినకొలది బుద్ధి వికసింపలేదు. ఆడపిల్లకు కొలది మాటలు మాత్రమే వచ్చెను. మగపిల్లవానికి అవియు రాలేదు. బిడ్డల మూత్రము ఒకవిధమైన విచిత్రపు వాసన వేయుచున్నదని తల్లి గమనించి, వైద్యుని తరువాత వైద్యుని అడుగుచు కొన్ని సంవత్సరములు తిరిగెను. ఆమె మాటను ఎవ్వరును లక్ష్యపెట్టలేదు. చివరకు ఓస్లోలోని ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అను వైద్యుని యొద్దకు ఆ ప్రశ్న చేరెను. ఆయన వైద్యమునకు ముందు రసాయనశాస్త్రము చదివినవాడు.

ఫోలింగ్ మామూలు పరీక్షలలో ఒకటిగా ఆ మూత్రములో ఫెర్రిక్ క్లోరైడు చుక్కలు వేసెను. గోధుమవర్ణమో, ఎరుపుఛాయయో రావలసినచోట చిక్కని ఆకుపచ్చరంగు వచ్చి, కొంతసేపటికి పోయెను. ఏదేని మందువలన ఇట్లయ్యెనేమోయని మందులన్నియు మాన్పించి మరల పరీక్షించెను. మరల ఆకుపచ్చయే. తల్లి తెచ్చి యిచ్చిన లీటర్లకొలది మూత్రమునుండి ఆ రంగునకు కారణమైన పదార్థమును ఆయన ఓపికతో వేరుచేసి, అది ఫినైల్ పైరువిక్ ఆమ్లమని నిశ్చయించెను. పిదప మానసికలోపము గలవారిని ఉంచు ఆశ్రమములలో 430 మంది మూత్రమును పరీక్షింపగా మరి 8 మందిలో అదే రంగు వచ్చెను. 1934లో ఆయన ఈ విషయమును ప్రకటించెను. తరువాత ఆ వ్యాధికి ఫినైల్ కీటోన్యూరియా అను పేరు స్థిరపడినది.

వ్యాధికి మూలమైన లోపము 1953లో జార్జి జెర్విస్ పరిశోధనవలన స్పష్టమైనది. పాలు, పప్పు, గ్రుడ్లు, మాంసము, ధాన్యములు—మాంసకృత్తులు గల ప్రతి ఆహారములోను ఫినైల్ అలనిన్ అను అమైనో ఆమ్లము కలదు. కాలేయములోని ఒక ఎంజైము మిగులు భాగమును టైరోసిన్ అను వేరొక ఆమ్లముగా మార్చును. ఈ బిడ్డలలో ఆ ఎంజైము పనిచేయదు. ఆరోగ్యవంతుని రక్తములో 100 మిల్లీలీటర్లకు 1 లేక 2 మిల్లీగ్రాములుండు ఫినైల్ అలనిన్, వీరిలో 20 మిల్లీగ్రాములు మించును. తల్లి గర్భములో నున్నంతకాలము తల్లి శరీరమే ఆ పని చేసిపెట్టును గనుక బిడ్డ చక్కగా పుట్టును. తల్లిపాలు త్రాగనారంభించిన దినమునుండి విషము కూడనారంభించును. పాలలో దోషమేమియు లేదు. దానిని వాడుకొను సాధనము బిడ్డలో లేదు.

కాలేయములోని లోపము మెదడును ఏల చెరుపును? మెదడులోని రక్తనాళముల గోడలు అన్ని పదార్థములను లోనికి రానీయవు. కొన్ని అమైనో ఆమ్లములను దాటించుటకు అక్కడ రేవు పడవలవంటి వాహకములు కలవు. ఫినైల్ అలనిన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్ మూడును ఒకే పడవ ఎక్కవలసినవి. సంతనాడు ఒక ఊరివారే రేవునంతయు నింపివేసినచో తక్కిన ఊళ్ళవారు ఒడ్డుననే నిలిచిపోవుదురు. మెదడులో టైరోసిన్‌నుండి డోపమిన్, ట్రిప్టోఫాన్‌నుండి సెరటోనిన్ తయారగును. ఒక నాడీకణము మరియొక నాడీకణమునకు పంపు వార్తలను ఇట్టి రసాయనములే మోసికొనిపోవును. ఫినైల్ అలనిన్ రేవును ఆక్రమించుటచే లోపల ముడిసరుకు కరవై ఈ రసాయనములు తగ్గిపోవును. నాడులకు పైతొడుగువలె నుండు క్రొవ్వుపొర కూడ సరిగా ఏర్పడదు. చర్మమునకు, జుట్టునకు నలుపునిచ్చు పదార్థము కూడ టైరోసిన్‌నుండియే రావలెను గనుక, ఈ బిడ్డలు తోబుట్టువులకంటె తెల్లగాను, జుట్టు రాగిరంగుగాను ఉందురు. తెల్లని బిడ్డ పుట్టెనని సంబరపడు మన ఇండ్లలో ఈ లక్షణమును వ్యాధిచిహ్నముగా ఎవ్వరును అనుమానింపరు.

బొగ్గుతో వడగట్టిన ఆహారము

కారణము తెలిసినంత మాత్రమున బిడ్డలు బాగుపడలేదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పిల్లల ఆస్పత్రికి రెండేండ్ల ప్రాయపు ఆడపిల్లను ఆమె తల్లి తీసికొనివచ్చెను. ఆ పిల్ల నిలువలేదు, నడువలేదు, మాటాడలేదు. ఎవరియందును ఆసక్తి చూపదు. మూలుగుచు, ఏడ్చుచు, తలను కొట్టుకొనుచుండెడిది. ఈ వ్యాధికి మందు లేదని వైద్యులు చెప్పినను ఆ తల్లి వదలక, ప్రతిదినమును వచ్చి ఏదేని చేయుడని అడుగుచుండెను. హార్స్ట్ బికెల్, ఆయన సహచరులు పాల మాంసకృత్తును విడగొట్టి, ఆ ద్రవమును బొగ్గు గుండ పోనిచ్చి ఫినైల్ అలనిన్‌ను తొలగించి, మిగిలినదానిని ఆహారముగా ఇచ్చిరి. కొన్ని మాసములలో పిల్ల ప్రాకనేర్చెను, నిలబడెను, కన్నులు కాంతివంతములాయెను, జుట్టు నలుపెక్కెను, తల కొట్టుకొనుట మానెను.

మార్పు ఆహారమువలననే కలిగెనా అను సందేహమును తీర్చుకొనుటకు వైద్యులు తల్లికి తెలుపకయే ఆహారములో ఫినైల్ అలనిన్‌ను మరల కలిపిరి. కొలదికాలములోనే పిల్ల నేర్చినదంతయు పోగొట్టుకొనసాగెను. నేటి నియమముల ప్రకారము తల్లి అనుమతి లేనిదే అట్టి పరీక్షకు పూనుకొనరాదు, అది న్యాయమే. అయినను, మెదడు రసాయనమునకును బిడ్డ నడవడికిని గల సంబంధమును ఇంత ప్రత్యక్షముగా చూపిన సంఘటనలు అరుదు. 1953లో ఈ వైద్యము ప్రకటింపబడినది.

ఆ పిల్లకు మేలు కలిగెనుగాని, అప్పటికే పోయిన బుద్ధి పూర్తిగా తిరిగిరాలేదు. ఆహారచికిత్స జబ్బు బయటపడక పూర్వమే, పుట్టిన మొదటి వారములలోనే, ఆరంభింపవలెను. పైకి ఆరోగ్యముగా కనబడు బిడ్డలో లోపలి లోపమును పట్టుకొనుట ఎట్లు? అమెరికాలోని రాబర్ట్ గథ్రీ దీనికి ఉపాయము కనుగొనెను. ఆయన కుమారుడు మానసికలోపము గలవాడు. ఆయన మేనకోడలికి ఈ ఫినైల్ కీటోన్యూరియాయే ఉండెను. శిశువు మడమను సూదితో పొడిచి, రెండు మూడు రక్తపుచుక్కలను ఒకవిధమైన అద్దుడు కాగితముపై పట్టి ఆరబెట్టి పంపినచో చాలునని ఆయన నిరూపించెను. 1960 దశకపు ఆరంభమునుండి ఈ కాగితపు పరీక్ష దేశదేశములకు వ్యాపించినది. నేడు అదే చుక్కనుండి అనేక వ్యాధులను ఒకేసారి కనుగొనగల యంత్రములు వచ్చినవి.

ఈ వ్యాధిని చికిత్స లేక విడిచిన పిల్లలలో ఆటిజపు లక్షణములు తరచుగా కనిపించుచుండెడివి. ఇటలీలో 2003లో ప్రకటితమైన పరిశీలనలో, ముందే గుర్తింపబడి చికిత్స పొందినవారిలో ఒక్కరికైనను ఆటిజము లేదు. ఆలస్యముగా గుర్తింపబడిన 35 మందిలో ఇద్దరికి ఉండెను. ఒక ఎంజైము లోపమును అడ్డగించుటవలన ఆటిజమును కూడ అడ్డగింపగల మార్గము ఉన్నదనుటకు ఇది చక్కని నిదర్శనము.

తక్కిన బిడ్డల మాట

ఇంతవరకు చదివినవారికి సహజముగా ఒక ఆశ కలుగును: ఆటిజమంతయు ఇట్టిదే కావచ్చును గదా, లోపించిన ఎంజైమును కనుగొన్నచో చాలును గదా అని. శాస్త్రజ్ఞులకును ఈ ఆశ కలిగినది. అరువదియేండ్లకు పైగా వారు వెదకుచునే యున్నారు.

1961లో ఆటిజము గల కొందరు పిల్లల రక్తములో సెరటోనిన్ ఎక్కువగా నున్నట్లు కనుగొనబడినది. పలుమార్లు మరల పరీక్షించినను ఇది నిలిచినది; సుమారు నాలుగింట ఒకవంతునుండి మూడింట ఒకవంతు వరకు పిల్లలలో ఇట్లుండును. కాని రక్తములోని సెరటోనిన్ ఎక్కువగా ప్రేగులలో తయారై రక్తఫలకికలలో నిలువయుండునది. అది మెదడులోనికి పోజాలదు. రక్తములో ఎక్కువయున్నంత మాత్రమున మెదడులో ఎక్కువయున్నదని చెప్పుటకు వీలులేదు. ఎక్కువ లేనివారికిని ఆటిజము కలదు గనుక దీనిని గుర్తింపు పరీక్షగా వాడుటయు పొసగదు.

మెదడులో వార్తలను పురికొల్పు రసాయనము గ్లుటమేటు. అదుపులో నుంచు రసాయనము గాబా. ఒకదానినుండి రెండవదానిని తయారుచేయు ఎంజైము, ఆటిజము గలవారి మెదడులో కొన్ని భాగములందు తక్కువగా నున్నదని మరణానంతరము పరీక్షించినవారు 2002లో వ్రాసిరి. పరీక్షకు లభించిన మెదడులు చాల కొద్ది. పైగా ఆ తగ్గుదల ఆటిజమునకు కారణమో, ఆటిజముతో జీవించుటవలన కలిగిన ఫలితమో ఆ పరీక్ష తేల్చజాలదు. గాబా పనితీరును చక్కదిద్దునని తలచి బ్యుమెటనైడ్ అను మందును పెద్ద ఎత్తున పరీక్షించిరి. ఉత్తిమందు తీసికొన్నవారికంటె ఎక్కువ మేలు కనబడకపోవుటచే 2021లో ఆ పరీక్ష నిలిపివేయబడినది. ఆటిజముతో సంబంధము గల జన్యువులు నేటికి నూర్లకొలది తెలియవచ్చినవి. వానిలో చాలవరకు ఎంజైములకు సంబంధించినవి కావు. నాడీకణములు ఒకదానితో ఒకటి కలియు సంధుల నిర్మాణమునకు, ఇతర జన్యువులను నడుపుటకు సంబంధించినవి. ఒక పదార్థమును ఇచ్చియో, మానియో సరిచేయదగినవి కావు.

అంగడిలోని ఎంజైములు

1998లో సెక్రెటిన్ అను జీర్ణసంబంధమైన హార్మోనును సూదిమందుగా ఇచ్చిన పిమ్మట ముగ్గురు పిల్లలకు మాటలు మెరుగైనవని ఒక నివేదిక వచ్చెను. వార్త వ్యాపించి, వేలకొలది తల్లిదండ్రులు ఆ మందు కొరకు ఎగబడిరి. మరుసటి సంవత్సరము 60 మంది పిల్లలలో కొందరికి సెక్రెటిన్, కొందరికి ఉప్పునీరు ఇచ్చి, ఎవరికి ఏది యిచ్చిరో ఎవరికిని తెలియకుండ పరీక్షించిరి. ఇరువర్గముల పిల్లలును కొంత మెరుగైనట్లు తోచెను; రెంటికిని భేదము లేదు. పెరుగు బిడ్డ తనంతట తానే కొంత నేర్చుకొనుచుండును. ఆశతో చూచు కన్నులు ఆ మార్పును మందునకు జమకట్టును. ఫలితము తెలిపిన తరువాత కూడ నూటికి 69 మంది తల్లిదండ్రులు ఆ మందుపై ఆసక్తిని వదలుకొనలేదు. వారిని నిందింపరాదు. చేతిలోని ఏ దారమునైనను విడుచుట తల్లిదండ్రులకు కష్టమే.

జీర్ణ ఎంజైముల మాత్రలను ఆస్ట్రేలియాలో 43 మంది పిల్లలపై ఇట్లే పరీక్షింపగా, 2010లో ప్రకటితమైన ఫలితము ప్రకారము నడవడిలో చెప్పుకొనదగిన మేలు కనబడలేదు. ఇటీవల ఒకటి రెండు పరీక్షలలో కొందరి చిరాకు కొంత తగ్గినదని వ్రాసిరి; అవి ఇతరులచే మరల నిర్ధారణ కావలసియున్నవి. మాటలు వచ్చును, ఆటిజము పోవును అను ప్రకటనలకు మాత్రము ఆధారము లేదు. పాలు, గోధుమలు మాన్పించు పథ్యము కూడ ఇట్టిదే. అసలే నాలుగు రకములు తప్ప తినని బిడ్డకు పాలు, పెరుగు మాన్పించినచో ఎముకలకు కావలసిన సున్నము తగ్గును. వెండ్రుకలను పంపిన "లోహముల పట్టిక" వ్రాసియిచ్చువారు, శరీరమునుండి విషములను దిగలాగుదుమనువారు ఇంకొక తెగ. వీరి మందు ప్రాణాపాయకరము. 2005లో అమెరికాలో ఐదేండ్ల ఆటిజపు బాలుడొకడు అట్టి సూదిమందువలన రక్తములో సున్నము పడిపోయి మరణించెను.

ఎవరికి పరీక్ష అవసరము

ఎంజైము లోపముల పరీక్ష ఆటిజము గల ప్రతి బిడ్డకును తప్పనిసరి కాకపోయినను, కొందరికి ఆలస్యము చేయరాదు. మూర్ఛలు వచ్చుచుండుట, నేర్చిన నడకయో మాటలో పోవుట, జ్వరముతోగాని ఉపవాసముతోగాని మగతపడుట, కారణము లేక పలుమార్లు వాంతులగుట, మూత్రమునకో చెమటకో వింతవాసన యుండుట, తల చిన్నదిగా నుండుట, చర్మముపై మానని దద్దురులు, జుట్టు ఊడుట, అంతకుముందు పుట్టిన బిడ్డ శైశవమున తెలియని కారణముతో చనిపోయియుండుట, తల్లిదండ్రులు రక్తసంబంధులై యుండుట—వీనిలో ఏది యున్నను వైద్యునికి విడువక చెప్పవలెను. అడిగినపుడు మాత్రమే చెప్పుదమని ఊరకుండరాదు; నార్వేదేశపు ఆ తల్లిని అడిగినవారెవ్వరును లేరు. రక్తములో అమైనో ఆమ్లములను, మూత్రములో సేంద్రియామ్లములను కొలుచుట మొదటి మెట్టు.

ఇట్టి పరీక్షలో బయటపడు వ్యాధులలో కొన్నిటికి చికిత్స ఆశ్చర్యకరమైనంత సులభము. బయోటినిడేస్ అను ఎంజైము లేని బిడ్డకు మూర్ఛలు వచ్చును, జుట్టు ఊడును, చెవుడు రావచ్చును. దినమునకు కొన్ని మిల్లీగ్రాముల బయోటిన్ విటమిను మొదటినుండి ఇచ్చినచో ఏమియు కాదు. కొన్నిటికి ఇంకను చికిత్స లేదు. అడినైలోసక్సినేట్ లయేజ్ అను ఎంజైము లోపముచే ఆటిజపు లక్షణములు కలుగునని 1984లోనే బెల్జియము వైద్యులు చూపిరి; నేటికిని దానిని మాన్పు మందు లేదు. 2012లో కనుగొనబడిన ఒక లోపము ఫినైల్ కీటోన్యూరియాకు తలక్రిందులైనది. కొన్ని అమైనో ఆమ్లములు అతివేగముగా ఖర్చుకాకుండ ఆపు ఎంజైము లేకపోవుటచే ఆ బిడ్డల రక్తములో అవి మరీ తగ్గిపోవును. రక్తసంబంధులైన దంపతుల ఆటిజపు బిడ్డలలోనే దానిని కనుగొనిరి.

తెలుగుదేశమునకు ఈ మాట ముఖ్యము. మేనరికములు, మేనమామ పెండ్లిండ్లు ఇచ్చట తరతరములుగా జరుగుచున్నవి. ప్రతి మనిషిలోను బయటపడని జన్యులోపములు కొన్ని యుండును. వాటికి జతగా అదే లోపము వచ్చి చేరినపుడే వ్యాధి పుట్టును. ఒకే తాత రక్తమును పంచుకొన్న ఇద్దరిలో ఒకే లోపముండుటకు అవకాశమెక్కువ. అట్టి దంపతులకు ప్రతి కానుపులోను నాలుగింట ఒకవంతు ప్రమాదము కలదు. ఒక బిడ్డకు వచ్చినది గనుక ఇక రాదని యనుకొనుట పొరపాటు. హైదరాబాదులోని ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రులలో 18,300 మంది శిశువులను పరీక్షించి, 2004లో ప్రకటించిన పరిశోధన ప్రకారము 1,700 మందికి ఒకరు చొప్పున థైరాయిడు లోపముతో పుట్టుచున్నారు. ఇది ఎంజైమువలె కాక గ్రంథికి సంబంధించినదైనను, బుద్ధిని చెరుపుటలో దానికి తీసిపోదు. దినమున కొక చిన్న మాత్రతో నివారింపదగినది. ఆ కాగితపు చుక్కలోనే ఇదియు తెలియును.

శిశువుల రక్తపరీక్ష మన దేశమంతట ఇంకను తప్పనిసరి కాలేదు. కాన్పు జరిగిన ఆస్పత్రిలో అడిగి చేయించుకొనవలెను. పుట్టిన 24 గంటలు దాటిన పిమ్మట, వీలైనంతవరకు మొదటి వారములోనే, రక్తము తీయవలెను. ఇంటికి పోవునపుడు ఫలితము ఎప్పుడు, ఎవరివలన తెలియునో అడిగి వ్రాయించుకొనవలెను. పరీక్ష చేయించి ఫలితము తెలిసికొననివారు పెక్కుమంది.

ఫినైల్ కీటోన్యూరియా తేలినచో పథ్యము జీవితాంతము. పప్పు, పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసము కూడదు. అన్నము కూడ తూచి పెట్టవలెను. సగ్గుబియ్యము, పండ్లు, చాల కూరగాయలు పనికివచ్చును. కొన్ని చక్కెర లేని పానీయములలో వాడు ఆస్పర్టేము పనికిరాదు. పెరుగుదలకు కావలసిన మాంసకృత్తు కొరకు ఫినైల్ అలనిన్ తొలగించిన ప్రత్యేకమైన పొడిని ఇచ్చెదరు. తల్లిపాలను కూడ కొలతప్రకారము ఇయ్యవచ్చును. ఆ పొడి ఖరీదైనది. 2021 సంవత్సరపు జాతీయ అరుదైన వ్యాధుల విధానములో, ప్రత్యేకాహారముతో కాపాడదగిన వ్యాధుల వరుసలో ఇది చేర్చబడినది. ఆ విధానము క్రింద గుర్తింపు పొందిన కేంద్రములకు ఇచ్చు సహాయపు పరిమితి 2022లో రోగికి 50 లక్షల రూపాయలవరకు పెంచబడినది. హైదరాబాదులో నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థ అట్టి కేంద్రము. ఈ వ్యాధితో పెరిగిన ఆడపిల్ల గర్భము ధరింపకముందే పథ్యమును మరల గట్టిగా పాటింపవలెను. లేనిచో ఆమె రక్తములోని ఫినైల్ అలనిన్, ఏ లోపము లేని గర్భస్థశిశువు మెదడును కూడ చెరుపును.

పరీక్షలో ఏ లోపమును తేలని బిడ్డలే అధికసంఖ్యాకులు. వారికి మాత్రలకు పెట్టు సొమ్మును, కాలమును మాటల శిక్షణకు, ఆటద్వారా నేర్పు శిక్షణకు వినియోగించుట మేలు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టినది మొదలు 18 ఏండ్లవరకు గల పిల్లలకు అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను పరీక్షలు జరుగును. లోపము కనబడినవారిని జిల్లా కేంద్రమునందలి సత్వర చికిత్సాకేంద్రమునకు పంపుదురు. సికిందరాబాదులోని మనోవికాసనగరమున 1984లో స్థాపింపబడిన జాతీయసంస్థలో తల్లిదండ్రులకు కూడ శిక్షణ కలదు. 2016 సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టములో ఆటిజము చేర్చబడినది గనుక ధ్రువపత్రము పొందుటకును వీలు కలదు. మొదటిసారి పోవునపుడు బిడ్డ టీకాల పుస్తకమును, అంతకుముందు జరిగిన రక్తపరీక్షల కాగితములను, వాడుచున్న మందులు, పొడులు అన్నిటి సీసాలను వెంట తీసికొని పోవలెను.